యూనియన్ వదలని కెప్టెన్: చార్లీ రాబర్ట్స్ కెరీర్‌ని ఏ లెక్కతో కొలవాలి?

ఇంగ్లండ్ ఫుట్‌బాల్ జట్టు పాత రికార్డుల్లో చార్లీ రాబర్ట్స్ పేరు వెతికితే మూడంటే మూడు మ్యాచ్‌లు కనిపిస్తాయి. మూడూ 1905లోవే, ఐర్లండ్, వేల్స్, స్కాట్లండ్‌ల మీద ఆడినవి. అప్పటికి అతనికి ఇరవై రెండేళ్లు కూడా నిండలేదు. ఆ తర్వాత ఆరేళ్లలో మాంచెస్టర్ యునైటెడ్ కెప్టెన్‌గా 1908లో లీగ్, 1909లో ఎఫ్‌ఏ కప్ (ఎఫ్‌ఏ అంటే ఇంగ్లండ్ ఫుట్‌బాల్‌ని నడిపే ఫుట్‌బాల్ అసోసియేషన్), 1911లో మళ్లీ లీగ్ గెలిపించాడు. ఆ క్లబ్బు చరిత్రలో అవే మొట్టమొదటి పెద్ద ట్రోఫీలు. దేశం తరఫున మాత్రం మళ్లీ పిలుపు రాలేదు. ఒక ఆటగాడు క్లబ్బుకి అన్నీ గెలిపిస్తూ, ఒంట్లో సత్తా ఉన్న రోజుల్లోనే సెలెక్టర్ల కంటికి ఆనకుండా పోవడం ఏమిటి అని ఎవరికైనా అనిపిస్తుంది.

నా అభిప్రాయం ముందే చెప్పేస్తాను. ట్రోఫీలతోనో ఇంగ్లండ్ మ్యాచ్‌లతోనో కొలిస్తే రాబర్ట్స్ ఆ కాలంలోని మంచి ఆటగాళ్లలో ఒకడు, అంతే. 1909 వేసవిలో ఆటగాళ్ల యూనియన్‌ని వదలకుండా ఎఫ్‌ఏకి ఎదురు నిలబడి చేసిన పనితో కొలిస్తే మాత్రం ఇంగ్లండ్‌లో జీతానికి బంతి తన్నిన ప్రతి ఆటగాడూ అతనికి ఎంతోకొంత బాకీ ఉన్నాడు. ఆ వేసవి పోరాటం పెద్దగా ఏమీ సాధించలేదని అనేవాళ్లున్నారు, వాళ్ల వాదనలో బలం లేకపోలేదు, దాని దగ్గరకి తర్వాత వస్తాను. ముందు ఆ రోజుల్లో ఫుట్‌బాలర్ బతుకు ఎలా ఉండేదో తెలియాలి.

రాబర్ట్స్ 1883లో ఇంగ్లండ్ ఉత్తరాన డార్లింగ్టన్‌లో పుట్టాడు. బిషప్ ఆక్లండ్‌లో ఆడి, గ్రిమ్స్‌బీ టౌన్‌లో ఒక్క సీజన్ చేసి, 1904లో మాంచెస్టర్ యునైటెడ్‌కి వచ్చాడు. ఇవాళ మనకి తెలిసిన యునైటెడ్ కాదది. న్యూటన్ హీత్ అనే పేరుతో దివాలా అంచున నిలబడ్డ క్లబ్బుని జాన్ హెన్రీ డేవీస్ అనే బీరు వ్యాపారి ఆదుకుని, 1902లో పేరు మార్చి నిలబెట్టాడు. రాబర్ట్స్ వచ్చేనాటికి ఇంకా లీగ్ కింది మెట్టు అయిన సెకండ్ డివిజన్‌లోనే ఉంది. ఎర్నెస్ట్ మాంగ్నల్ అనే మేనేజర్ ఒక్కొక్కరినే పోగేసి జట్టు కడుతున్నాడు, ఆ కట్టడానికి నడుమ స్తంభం రాబర్ట్స్.

అతని ఆట గురించి కాస్త ఆగి చెప్పాలి, ఎందుకంటే ఆ పొజిషన్ ఇప్పుడు లేదు. అప్పట్లో జట్లు వెనక ఇద్దరు, మధ్యలో ముగ్గురు, ముందు ఐదుగురితో ఆడేవి. మధ్య ముగ్గురిలో నడిమివాడు సెంటర్ హాఫ్. ఇప్పటి సెంటర్ బ్యాక్‌లాగా గోలు ముందు కాపలా ఉండే పని కాదది. ప్రత్యర్థి సెంటర్ ఫార్వర్డ్‌ని ఆపాలి, బంతి లాక్కోవాలి, తలెత్తి చూసి మైదానం రెండు పక్కలా ఉన్నవాళ్లకి పొడుగు పాస్ ఇవ్వాలి, వీలైతే తనే ముందుకెళ్లి గోలు మీద కొట్టాలి. దాడి మొదలయ్యేదీ అతని దగ్గరే, అవతలి దాడి ఆగేదీ అతని దగ్గరే. అటు డిక్ డక్‌వర్త్, ఇటు అలెక్స్ బెల్, మధ్యలో రాబర్ట్స్. ఆ ముగ్గురి లైను ఆ కాలంలో ఇంగ్లండ్‌లో ఎంత పేరు మోసిందంటే, తర్వాత రాబర్ట్స్ పొగాకు వ్యాపారం పెట్టినప్పుడు ముగ్గురి పేర్లలోంచి తలా ఒక ముక్క తీసి డుక్రోబెల్ అని ఒక సిగరెట్ రకానికి పేరు పెట్టాడు.

ఇటలీ కోచ్ విటోరియో పొజ్జో కుర్రాడిగా ఇంగ్లండ్‌లో ఉన్నప్పుడు యునైటెడ్ ఆట చూసి రాబర్ట్స్‌కి వీరాభిమాని అయిపోయాడు, అతన్ని కలిసి ఆట గురించి మాట్లాడాడు కూడా. 1934, 1938 ప్రపంచ కప్‌లు రెండూ గెలిచిన ఇటలీ జట్లలో మధ్యలో ఉండి పొడుగు పాస్‌లతో ఆట నడిపే సెంటర్ హాఫ్‌ని పట్టుబట్టి ఉంచుకున్నాడు పొజ్జో. 1925లో ఆఫ్‌సైడ్ రూలు మారాక ఇంగ్లండ్‌లో క్లబ్బులన్నీ సెంటర్ హాఫ్‌ని వెనక్కి లాగి కాపలాదారుని చేసేశాయి. రాబర్ట్స్ ఆడిన ఆట సొంత దేశంలో అంతరించిపోయి ఇటలీలో ప్రపంచ కప్‌లు గెలిచింది. ఆటగాడిగా అతని స్థాయి ఏమిటో చెప్పడానికి నాకు ఇంతకంటే గట్టి సాక్ష్యం అక్కర్లేదు.

మరి ఇంగ్లండ్ ఎందుకు వదిలేసింది? యూనియన్ పెట్టాడు కాబట్టి ఎఫ్‌ఏ పగబట్టింది అని చాలామంది ఒక్క ముక్కలో తేల్చేస్తారు. నేను సగమే ఒప్పుకుంటాను. తేదీలు చూడండి. అతని చివరి ఇంగ్లండ్ మ్యాచ్ 1905 ఏప్రిల్‌లో. యూనియన్ పుట్టింది 1907 డిసెంబర్‌లో. ఆ మధ్య రెండున్నరేళ్లకి యూనియన్ కారణం కాలేదు. యునైటెడ్ 1906 దాకా సెకండ్ డివిజన్‌లో ఉండటం ఒక కారణం కావచ్చు. మోకాళ్లు కనపడకుండా నిక్కరు వేసుకోవాలని 1904లో ఎఫ్‌ఏ ఒక రూలు పెడితే, పరిగెత్తడానికి అడ్డమని రాబర్ట్స్ పొట్టి నిక్కరే వేసుకునేవాడు, అదీ పెద్దలకి నచ్చి ఉండదు. పైగా 1907 నుంచి ఆ స్థానంలో బ్రిస్టల్ సిటీ ఆటగాడు బిల్లీ వెడ్‌లాక్ పాతుకుపోయాడు, ఇంగ్లండ్‌కి మొత్తం 26 మ్యాచ్‌లు ఆడాడు. వెడ్‌లాక్ నిజంగా గొప్ప ఆటగాడే, అతన్ని తక్కువ చేసి మాట్లాడితే అన్యాయం.

కానీ 1907 తర్వాత సంగతి వేరు. 1909 ఎఫ్‌ఏ కప్ ఫైనల్లో ఈ ఇద్దరు సెంటర్ హాఫ్‌లూ లండన్‌లోని క్రిస్టల్ ప్యాలెస్ మైదానంలో ఎదురెదురుగా ఆడారు, శాండీ టర్న్‌బుల్ కొట్టిన ఒక్క గోలుతో యునైటెడ్ గెలిచింది. ఛాంపియన్ జట్టు కెప్టెన్, కప్ గెలిచిన కెప్టెన్, ఏడాదికి కనీసం మూడు అంతర్జాతీయ మ్యాచ్‌లు జరిగే రోజుల్లో కనీసం ఒక్కదానికైనా పనికిరాకుండా పోయాడంటే నేను నమ్మను. ఎంపిక చేసేది ఎఫ్‌ఏ కమిటీ. ఎఫ్‌ఏతో నేరుగా తలపడుతున్నవాడు రాబర్ట్స్. కాగితం మీద ఎవరూ కారణం రాసి పెట్టరు. అయినా లెక్క తెలుస్తూనే ఉంది.

ఇక జీతం సంగతి. 1901 నుంచి ఎఫ్‌ఏ రూలు ప్రకారం ఏ క్లబ్బూ ఏ ఆటగాడికీ వారానికి 4 పౌండ్లు మించి ఇవ్వకూడదు. నాలుగు పౌండ్లంటే ఆ రోజుల్లో నైపుణ్యమున్న ఫ్యాక్టరీ కార్మికుడి సంపాదన కంటే మెరుగే, అది కాదనను, కానీ ఆ మొత్తం అందుకునేది కొద్దిమందే, అదీ మోకాలు బాగున్నన్నాళ్లే. అసలు బాధ రెండో రూలుతో. సీజన్ అయిపోయాక ఆటగాడి ఒప్పందం ముగిసినా, పాత క్లబ్బు ఒప్పుకుని ట్రాన్స్‌ఫర్ సొమ్ము తీసుకుంటే తప్ప అతను లీగ్‌లో ఇంకో క్లబ్బుకి ఆడటానికి వీల్లేదు. క్లబ్బు ఆడించదు, వదలదు. ఇలా రెండు వైపులా కట్టేశాక బేరమాడటానికి ఆటగాడి చేతిలో ఏం మిగులుతుంది?

1905లో మిడిల్స్‌బ్రో క్లబ్బు ఆల్ఫ్ కామన్ అనే ఫార్వర్డ్‌ని సండర్‌లాండ్ నుంచి 1,000 పౌండ్లకి కొనుక్కుంది, ఒక ఆటగాడికి వెయ్యి పెట్టడం అదే మొదలు. అదే కామన్‌కి రూలు ప్రకారం రావాల్సిన జీతం ఏడాది పొడుగునా ఇచ్చినా 208 పౌండ్లు దాటదు. మనిషి ధర మార్కెట్టులో ఎంతైనా పెరగొచ్చు, ఆ మనిషి కూలి మాత్రం పెరగకూడదు. దీన్ని ఆట పవిత్రత కోసం అని ఎఫ్‌ఏ పెద్దలు చెప్పుకునేవాళ్లు. డబ్బు కోసం ఆడటం తక్కువ పని అనుకునే వర్గం నుంచి వచ్చినవాళ్లు వాళ్లు. వారానికి నాలుగు పౌండ్ల మీద ఇల్లు నడిపేవాడికి ఆ పవిత్రతతో ఏం పని?

రూలు ఉంటే దొంగదారి కూడా ఉంటుంది. క్లబ్బులు చాటుగా డబ్బిచ్చేవి. 1906లో మాంచెస్టర్ సిటీ దొరికిపోతే 17 మంది ఆటగాళ్లని సస్పెండ్ చేసి, ఇక ఆ క్లబ్బుకి ఆడొద్దన్నారు. వాళ్లలో వేల్స్ స్టార్ బిల్లీ మెరెడిత్, శాండీ టర్న్‌బుల్‌తో సహా నలుగురు యునైటెడ్‌కి వచ్చేశారు. అప్పటికే వ్యవస్థ చేతిలో దెబ్బతిని ఉన్న మెరెడిత్, మొండి మనిషి రాబర్ట్స్ ఒకే డ్రెస్సింగ్ రూములో కలవడం ఎఫ్‌ఏకి చేటయింది.

అంతలో ఒక చావు. 1907 ఏప్రిల్‌లో యునైటెడ్ డిఫెండర్ థామస్ బ్లాక్‌స్టాక్ రిజర్వ్ జట్టు మ్యాచ్‌లో బంతిని తలతో కొట్టి కుప్పకూలి చనిపోయాడు. ఆ కుటుంబానికి నష్టపరిహారం అంటూ ఏమీ రాలేదు. సాటివాళ్ల కళ్ల ముందు జరిగిందిది. ఆ ఏడాది డిసెంబర్ 2న మాంచెస్టర్ ఇంపీరియల్ హోటల్లో ఆటగాళ్లు సమావేశమై యూనియన్ పెట్టుకున్నారు. 1898లోనూ ఒక యూనియన్ పుట్టింది, కొద్ది ఏళ్లకే కూలిపోయింది. ఈ విషయం గుర్తుపెట్టుకోండి, నా వాదనకి ఇది కావాలి.

మొదట్లో ఎఫ్‌ఏ దీన్ని చూసీ చూడనట్టు ఊరుకుంది. యూనియన్ కార్మిక సంఘాల సమాఖ్యతో చేయి కలపడానికి సిద్ధపడేసరికి, పరిహారాలు, జీతాల బకాయిల కోసం సభ్యుల్ని కోర్టు మెట్లు ఎక్కించేసరికి పెద్దలకి టెన్షన్ పట్టుకుంది. గనుల్లో, మిల్లుల్లో సమ్మెలు జరిగే దేశం అది, శనివారం మ్యాచ్‌లకి కూడా సమ్మె వస్తే? 1909లో ఎఫ్‌ఏ గుర్తింపు లాగేసింది. జులై 1 లోపు ప్రతి ఆటగాడూ యూనియన్‌కి రాజీనామా చేయాలి, చేయకపోతే సస్పెన్షన్, జీతం బంద్.

దేశమంతా ఆటగాళ్లు ఒక్కొక్కరే రాజీనామా సంతకాలు పెట్టేశారు. వాళ్లని నిందించడానికి నాకు నోరు రాదు, పెళ్లాం పిల్లలు ఉన్నవాడు నెల జీతం మీద సాహసం చేయలేడు. యునైటెడ్ ఆటగాళ్లు మాత్రం సంతకం పెట్టలేదు. అప్పటికి వాళ్లు కప్ గెలిచి పది వారాలు కాలేదు. రాబర్ట్స్ పరిస్థితి మిగతావాళ్లకంటే కష్టం. అతనికి ఒక బెనిఫిట్ మ్యాచ్, అంటే వసూళ్లు ఆ ఆటగాడికే ఇచ్చే మ్యాచ్, రావాల్సి ఉంది, కనీసం 500 పౌండ్లు గ్యారంటీ. అంటే దాదాపు రెండున్నరేళ్ల జీతం ఒక్కసారిగా చేతికొచ్చే అవకాశం, ఆటగాడి జీవితంలో ఒక్కసారి వచ్చేది. సస్పెన్షన్ నిలబడితే అదీ పోతుంది. అది తెలిసే ఆగాడు.

ఆ రోజుల్లో జరిగిన ఒక సంగతి రాబర్ట్స్ తనే రాసి పెట్టాడు. సస్పెండయ్యారని పేపర్లో చూసుకున్న ఆటగాళ్లు జీతం కోసం క్లబ్బు ఆఫీసుకి వెళ్లారు. అక్కడ ఆఫీసు కుర్రాడు తప్ప ఎవరూ లేరు, ఇవ్వడానికి డబ్బూ లేదు. అయితే ఏదో ఒకటి చేయాల్సిందే అంటూ శాండీ టర్న్‌బుల్ గోడకున్న అద్దం తీసి చంకలో పెట్టుకుని బయటికి నడిచాడు. మిగతావాళ్లూ చేతికి దొరికింది తీసుకుని వెనకే పోయారు. ఆ కుర్రాడు హడలిపోయాడు, వస్తువులు పోతే తన ఉద్యోగం పోతుందని. రాబర్ట్స్ ఆగి వాడి గోడు విని, తర్వాత తనవాళ్లని వెతికి పట్టుకుని, నచ్చజెప్పి అన్నీ వెనక్కి ఇప్పించాడు. నాకు ఈ సంఘటన కప్ ఫైనల్ కంటే ముఖ్యం. జీతం రానివాడి కోపం న్యాయమైనదే, కానీ దాని దెబ్బ తమకంటే చిన్న జీతగాడి మీద పడకూడదని తేల్చుకున్నవాడు ఆ గుంపులో అతనొక్కడే.

క్లబ్బు మైదానం వాళ్లకి మూసేశారు. ఫాలోఫీల్డ్‌లో వేరే మైదానం చూసుకుని ప్రాక్టీసు మొదలుపెట్టారు. ఎవర్టన్ నుంచి టిమ్ కోల్‌మన్ అనే ఆటగాడు ఒక్కడే వచ్చి వీళ్లతో నిలబడ్డాడు. ఒక రోజు ఫొటోగ్రాఫర్ వచ్చాడు. రాబర్ట్స్ ఒక పలక మీద ‘ఔట్‌కాస్ట్స్ ఎఫ్‌సీ 1909’ అని రాసి ముందు పెట్టించాడు. వెలివేసిన వాళ్ల జట్టు అన్నమాట. ఆ ఫొటో ఇప్పటికీ దొరుకుతుంది, చూడండి, ఒక్కడి మొహంలోనూ బెరుకు ఉండదు. పేపర్లలో అది పడ్డాక జనానికి విషయం అర్థమైంది. సీజన్ మొదలు కాబోతోంది, లీగ్‌లోని పెద్ద క్లబ్బుకి ఆడేవాళ్లే లేరు. ఇతర క్లబ్బుల ఆటగాళ్లు మెల్లగా యునైటెడ్ వైపు తిరగడం మొదలైంది, న్యూకాసిల్ ఆటగాడు కోలిన్ వీచ్ మధ్యలో నిలబడి ఎఫ్‌ఏతో మాట్లాడాడు. ఆగస్టు 31న, సీజన్‌కి సరిగ్గా ఒక్క రోజు ముందు, బర్మింగ్‌హామ్‌లో రాజీ కుదిరింది. ఎఫ్‌ఏ యూనియన్‌ని గుర్తించింది, సస్పెన్షన్లు ఎత్తేసింది, జీతం పైన బోనస్‌లకి దారి ఇచ్చింది.

ఇది ఓటమే అనేవాళ్ల మాట ఇప్పుడు వినాలి. నాలుగు పౌండ్ల హద్దు పోలేదు. 1910లో ఎక్కువ కాలం ఆడినవాళ్లకి 5 పౌండ్ల దాకా పెంచారు, అంతే. ఆటగాణ్ని కట్టేసే రూలు అలాగే ఉంది. రాజీ అయిన కొద్ది కాలానికే యూనియన్ సభ్యులే ఓటేసి కార్మిక సమాఖ్య నుంచి బయటికి వచ్చేశారు, అంటే రాబర్ట్స్, మెరెడిత్‌లు దేనికోసం జీతం పోగొట్టుకున్నారో దాన్నే సాటివాళ్లు వదిలేశారు. మెరెడిత్‌కి ఆ కడుపుమంట చాలాకాలం పోలేదు. 1912లో ఆస్టన్ విల్లా మీద హారీ కింగబీ అనే ఆటగాడి తరఫున యూనియన్ కోర్టుకి వెళ్లింది. ఆటగాణ్ని కట్టేసే రూలే చట్టవిరుద్ధం అని వాదించాల్సిన లాయర్లు, క్లబ్బు కక్షతో చేసింది అని వాదించారు. కేసు కొట్టేశారు, ఖర్చులకి యూనియన్ ఖజానా ఖాళీ అయింది. ఆ రూలు చట్టవిరుద్ధమని జడ్జి అనడానికి 1963 దాకా, జార్జ్ ఈస్టమ్ అనే ఆటగాడి కేసు దాకా ఆగాల్సి వచ్చింది.

ఇవన్నీ నిజాలే. నేను ఒప్పుకోనిది వీటి నుంచి తీసే తీర్పుని. ఓడిందా గెలిచిందా అన్నది డిమాండ్ల జాబితా పెట్టుకుని టిక్కులు కొట్టి తేల్చే విషయం కాదు. 1898 యూనియన్‌నీ 1907 యూనియన్‌నీ పక్కపక్కన పెట్టండి. డిమాండ్లు ఇంచుమించు ఒకటే, ఎఫ్‌ఏ మొండితనం ఒకటే, ఆటగాళ్ల భయం ఒకటే. మొదటిది పోయింది, రెండోది బతికింది. రెండోదానికీ జులై 1న చావు రాసి పెట్టే ఉంది, అందరూ సంతకం పెట్టేసి ఉంటే ఆ రోజే మూసేసేవాళ్లు. యూనియన్ అని చెప్పుకోవడానికి ఇంకా మనుషులు మిగిలి ఉన్నారంటే ఒకే ఒక క్లబ్బులో రెండు నెలలు జీతం లేకుండా నిలబడ్డ ఆ కొద్దిమంది వల్ల. వాళ్లని కలిపి ఉంచింది కెప్టెన్. ముందు బతికుంటేనే కదా తర్వాత ఏదైనా గెలిచేది.

ఫలితాలు కూడా పూర్తిగా సున్నా కాదు. ఆ కాలంలోనే క్రిస్టల్ ప్యాలెస్ క్లబ్బు మీద వాకర్ అనే ఆటగాడి కేసులో, ప్రొఫెషనల్ ఫుట్‌బాలర్ కూడా కార్మికుల పరిహార చట్టం కిందకి వచ్చే కార్మికుడే అని అప్పీలు కోర్టు తేల్చింది. ఆట ఆడేవాడు కార్మికుడు ఎలా అవుతాడని క్లబ్బు వాదించినా కోర్టు వినలేదు. బ్లాక్‌స్టాక్ ఇంటివాళ్లకి అందనిది చట్టప్రకారం అడిగే హక్కు తర్వాతివాళ్లకి వచ్చింది.

రాబర్ట్స్ విషయానికొస్తే, రాజీ తర్వాత కూడా ఆటలో వెనక్కి తగ్గలేదు. 1910లో యునైటెడ్ కొత్త మైదానం ఓల్డ్ ట్రాఫర్డ్ తెరిచినప్పుడు ఆ జట్టుకి కెప్టెన్ అతనే, మరుసటి ఏడు లీగ్ టైటిల్ మళ్లీ గెలిచారు. 1913లో యునైటెడ్ అతన్ని ఓల్డమ్ అథ్లెటిక్‌కి అమ్మేసింది. ఓల్డమ్ చిన్న క్లబ్బు. 1914-15 సీజన్లో అది ఎవర్టన్ కంటే ఒక్క పాయింటు వెనకబడి రెండో స్థానంలో ఆగింది. యునైటెడ్ అదే సీజన్లో రెలిగేషన్‌ని, అంటే కింది డివిజన్‌కి పడిపోవడాన్ని, అంచు మీద తప్పించుకుంది. రాబర్ట్స్‌ని అమ్మడం ఆ క్లబ్బు చేసిన పెద్ద తప్పుల్లో ఒకటని నేను గట్టిగా అంటాను, ముప్ఫై ఏళ్ల వయసులో కూడా జట్టుని నిలబెట్టే శక్తి అతనికుందని ఆ పట్టికే చెబుతోంది. తర్వాత యుద్ధం వచ్చింది. అద్దం చంకలో పెట్టుకుని వెళ్లిన టర్న్‌బుల్ 1917లో ఫ్రాన్స్‌లో చనిపోయాడు. యుద్ధం ముగిశాక రాబర్ట్స్ యూనియన్ ఛైర్మన్‌గా పని చేశాడు, 1921 నుంచి ఏడాదిన్నర ఓల్డమ్ మేనేజర్‌గా ఉన్నాడు, ఆపైన పొగాకు వ్యాపారం చూసుకున్నాడు. 1939 ఆగస్టులో, 56 ఏళ్ల వయసులో, మాంచెస్టర్‌లో ఆపరేషన్ తర్వాత చనిపోయాడు. అప్పటికీ ఫుట్‌బాలర్ గరిష్ఠ జీతం వారానికి 8 పౌండ్లే.

ఆ హద్దు చివరికి ఎలా పోయిందో చూస్తే నా వాదన ఇంకా స్పష్టమవుతుంది. 1961 నాటికి అది వారానికి 20 పౌండ్లు. 1907లో పెట్టిన అదే యూనియన్, 1958లో పేరు మార్చుకుని, జిమ్మీ హిల్ నాయకత్వంలో ఆటగాళ్ల ఓటు తీసుకుని, జనవరి 21 శనివారం ఎవరూ మైదానంలోకి దిగరని ప్రకటించింది. ఈసారి ఒక్క క్లబ్బు కాదు, దేశమంతా కలిసి నిలబడింది. సమ్మె ఇంకా మూడు రోజులుందనగా, జనవరి 18న లీగ్ పెద్దలు దిగొచ్చి గరిష్ఠ జీతం రూలు ఎత్తేశారు.